గుడి లేని దేవుడు

హొరమావులో ఎనిమిదంతస్తుల బిల్డింగుకి
లిఫ్టు చూసేది నేను.
మిద్దె మీద మోటారు గది, దాని ముందు నాలుగడుగుల వసారా.
వాన మొదలైతే పిల్లలు అక్కడికే చేరతారు
మ్యాపులూ, బొరుగుల పొట్లాలూ,
ఇరవై ముఖాల పాచికా పట్టుకుని.
(ఆరుముఖాల స్వామి దాకానే నాకు తెలుసు.)
ఒక శనివారం వాళ్ళకి మనిషి తక్కువయ్యాడు.
"అంకల్, మీరు పూజారి అవుతారా?" అంది ఇంపన.
మదనపల్లెలో మా వీధివాళ్ళని
ఆ మాట ఎవరూ అడిగిన పాపాన పోలేదు.
అవుతానన్నాను.

అయితే దేవుళ్ళు నోటికి రావాలి.
ముప్పై ఒక్కమంది. లోకాలు పదహారు.
వారం గడువు.

సర్వీసు పుస్తకం వెనకట్ట నుంచి మొదలెట్టాను,
గ్రీజు వేళ్ళతో, తెలుగులో.
కిలిమిర్, నాణేల దేవుడు.
రాసి చూస్తే పేరులోనే మూడు గుళ్ళు.
డబ్బున్నవాడు, కట్టించుకుంటాడు.
జుర్గుల్, ఎముకలు నమిలేవాడు.
బొమ్మ చూడకముందే నా పెన్ను
వాడికి రెండు కొమ్ములు పెట్టేసింది.

ఎనిమిదో పేరు ఓర్వన్.
వెతికాను. గుడి లేదు. గుడిదీర్ఘమూ లేదు.
ఒక తలకట్టు, నెత్తిన పాత గుడ్డ చుట్టుకున్నట్టు,
కింద ఒక వత్తు, చివర పొల్లు.
మన నాలుక పొల్లు దగ్గర ఆగదు కదా,
అచ్చు మీద దిగితేనే దానికి నిద్ర.
అలా చదివితే 'ఓర్వను' అయింది.
ఏమిటి స్వామీ ఓర్వవు, అని నవ్వుకున్నాను
సిల్క్ బోర్డు దగ్గర, బస్సులో, ఒక్కణ్ణే.
పక్కనావిడ సంచి దగ్గరికి లాక్కుంది.

లోకాలు సులువనుకున్నాను.
పద్నాలుగు మనకున్నవే,
అతలం వితలం అంటూ మా అవ్వ బియ్యం చెరిగేది.
ఇంకో రెండే కదా.
బొమ్మ గీశాను: నిలువు గుంత, అడుగున స్ప్రింగులు,
వాటి మధ్య జుర్గుల్,
పైన మిద్దె మీద వెలుగు దేవతలు,
నడుమ మనుషులు, బటన్లు నొక్కుతూ.
ఇంపన పెన్సిలుతో అడ్డంగా కొట్టేసింది.
ఒకదాని మీద ఒకటి కాదట. చక్రమట.
ఏ లోకమూ దేనికీ పైన లేదు, కిందా లేదు,
"గొత్తాయ్తా అంకల్?"

ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని పైకీ కిందికీ పంపుతున్నవాణ్ణి.
ఓనర్లకొక లిఫ్టు, పనివాళ్ళకొక లిఫ్టు ఉన్న బిల్డింగు నెత్తిన కూర్చుని
తలూపాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లోకానికీ లోకానికీ మధ్య ఒక సందు ఉంది,
రంగు లేదు, అక్కడ ఆకలి వేయదు.
అది ఓర్వన్‌ది.
తలిచేవాళ్ళు లేక, రాయై అందులోనే తేలుతున్నాడు.
"కిలిమిర్‌ని తీసుకోండి అంకల్, తొమ్మిది మంత్రాలొస్తాయి,"
అన్నాడు దైవిక్.
ఓర్వన్‌కి ఒక్కటే మంత్రం: తలుపు.

శనివారం అప్పజెప్పాను. ఇరవై ఆరుగురు వచ్చారు.
జోవిటా ఇద్దర్ని అందించింది. మిగతావాళ్ళు రాలేదు.
పోనీలెమ్మన్నారు.

మంగళవారం కరెంటు పోయి, జనరేటరు అందుకోక
నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగింది.
లోపల గంగవ్వ, ఏడో అంతస్తులో అంట్లు తోమే మనిషి.
వాళ్ళ లిఫ్టు కోసం ఆగలేక ఓనర్లది ఎక్కిందట.
చీకటికి కాదు ఆమె వణుకు.
"చెప్పకన్నా ఎవరికీ," ఇంటర్‌కమ్‌లో.
తర్వాత, "నేను పైనున్నానా, కిందున్నానా?"
రెండూ కాదక్కా.

బ్రేకు వదిలి, మోటారు చక్రాన్ని
వేలెడు వేలెడుగా చేత్తో తిప్పుతూ
ఆ పేరన్నాను, పొల్లుతోనే,
అచ్చు తగిలించకుండా.
"ఎవరన్నా ఆయప్ప?"
"ఉన్నాడులే. గుడి లేదు."
"మరి ఏడుంటాడు?"

తాడు మీది పసుపు గుర్తు
గీత దగ్గరికి వస్తోంది.