మూడో నంబర్ సిస్టం

చిలకలగూడ చౌరస్తా దాటినంక
పంక్చర్ల దుకాణం పక్క సందుల
మాది నాలుగు సిస్టంల నెట్ సెంటర్.

పొద్దున షట్టర్ ఎత్తంగనే
తెరలకు తడిగుడ్డ పడుతది.
కీబోర్డు తిరగేసి కొడితె
బిస్కెట్ పొడి, గోరుముక్క,
ఒకపారి ముక్కుపుడక సీల.
అది పైపైన కడుగుడు.
లోపలి కడుగుడు రాత్రిపూట.

తొమ్మిదిన్నరకు ఆఖరి మనిషి లేచి పోయినంక
ఒక్కొక్క దాని ముంగట కూసుంట.
మూడు చుక్కలు. హిస్టరీ. క్లియర్.
ఎప్పటినుంచి అని అడుగుతది.
మొదటినుంచి అంట.
కుకీలంటె తినేటియి అనుకున్న కొత్తల.
కావు.
మనం పోయినంక గూడ
మన చెప్పుల జాడ గడపల దాసుకునేటియి.

పగటీలి ఒక్క అక్షరం కొడితె చాలు,
మా వాడకట్టు మొత్తం కిందికి జారుతది.
ఆర్ కింద రిజల్ట్స్.
పి కింద పాస్‌పోర్టు, పింఛను, పెండ్లి సంబంధాలు.
డి కింద డీఎస్సీ, దాని కిందనే డెత్ సర్టిఫికెట్.
ఎవరిది ఏదో నాకు తెలుసు.
తెల్లారేసరికి తెల్వదు.
అట్ల ఉండాల్నని నా పట్టు.

పాస్‌వర్డ్ దాచిపెట్టాల్నా అంటది తెర,
ఎవరొచ్చినా అదే మర్యాదతోని.
వద్దు నొక్కుండ్రి అని గోడకు కాయితం అంటిచ్చిన.
కొమురెల్లి తాత మాత్రం
"పాపం అంత బతిమిలాడుతుంటె" అని
సరే నొక్కిండు ఒకనాడు.
పాస్‌వర్డ్ల డబ్బాకు టిక్కు వేరే పెట్టాలె,
నాకు అప్పటిదాక తెల్వది.
వారం రోజులు ఆయన ఖాతా
ఎవరు కూసున్నా తలుపు తీసింది.
లోపల ఉన్నది నూట పదహారు రూపాయలు.
దొంగ రాలే. నేనే సిగ్గుపడ్డ.

ఇగ మొన్నటి వాన.
ఎనిమిదింటికే కరెంటు పోయింది,
ఇన్వర్టర్ కుయ్యిమని కూలవడ్డది.
కడగకుండనే షట్టర్ దించిన.

తెల్లారి సగం ఎత్తంగనే
వంగి లోపలికొచ్చిండు ఒకాయన.
గ్యాస్ ఏజెన్సీ చొక్కా, తడిసిన అద్దాలు.
"నిన్న మా చెల్లె వచ్చిందట, ఆకుపచ్చ చున్నీ.
ఏ మిషను మీద కూసుంది?"
నాకు అబద్ధం నోటికొస్తది గాని కండ్లకు రాదు.
కండ్లు మూడో నంబరు దిక్కు పోయినయి.

అదేమొ లేస్తనే మూలకు చిన్న డబ్బా చూపెట్టింది:
నన్ను సక్కగ మూయలేదు,
పాత పేజీలు మళ్ల తెరవాల్నా?
ఇన్నేండ్లల అంత అమాయకంగ
ఏ మిషనూ అడగలే నన్ను.

"తెరువు" అన్నడు.
చొక్కా అంచుతోని అద్దాలు తుడుసుకుంట
"తెరువక్కా" అన్నడు రెండోసారి.

అక్కా అన్నది నేను ఇన్న.
ఆమె గూడ నిన్న పోయేటప్పుడు
చిల్లర లేదక్కా, రేపిస్త అన్నది.

డబ్బా మూలకున్న ఇంటు గుర్తు నొక్కిన.
మూడు చుక్కల దాక పోయే తీరిక లేదు,
కంట్రోల్, షిఫ్ట్, డిలీట్,
మూడు వేళ్లు ఒక్కపారి.
మొదటినుంచి.
పాస్‌వర్డ్లకు గూడ టిక్కు.

"ఏం జేస్తున్నవ్?"
"అప్‌డేట్" అన్న.

అద్దాలు పెట్టుకుని వంగి చూసిండు.
ఖాళీ తెర, మధ్యల వెతుకుడు గీత,
అండ్ల మిణుకుమిణుకుమంట కర్సరు.
శానసేపు నిలవడ్డడు.
తిట్టలే. కొట్టలే.
"ఇంట్ల ఎవరితోని మాట్లాడది" అన్నడు, గోడకు చెప్పినట్టు.
గోడకున్న కాయితం
వద్దు నొక్కుండ్రి అన్నది.

చెరిపేటప్పుడు వెనుక జాబితాల
ఒక్క వరుస నా కండ్లవడ్డది.
ఏందో చెప్ప.
ఇక్కడ గూడ రాయ.

ఆయన పోయినంక
మూడో నంబరుకు నిజంగనే అప్‌డేట్ పెట్టిన,
ఆడిన అబద్ధం పెండింగ్‌ల ఉంచుడెందుకని.
పావుగంట తిరిగింది సక్రం.
బయట ఇంకా సన్నగ వాన.
పది రూపాయల చిల్లర
ఎవరన్నా తెస్తరేమోనని
షట్టర్ పూర్తిగ ఎత్తిన.