రెండు వేళ్ల ఆట

మురకంబట్టు దాటినాక మూడో స్పీడ్ బ్రేకరు మీద
టప్పుమనింది.
ఆ చప్పుడు నాకు తెలుసు.
ఇనుము ఇనుమును కొట్టుకున్నది కాదు,
దానికి ఒక్క క్షణం ముందు నలిగే రబ్బరుది.
ఇంక దిగేదానికి చోటు లేక
మనిషి పళ్లు కరుచుకున్నట్టుంటాది.

బండి ఢిల్లీబాబుది.
బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన
రెండు సీట్ల ఎర్ర కారు.
తోతాపురి గుజ్జు డ్రముకింతని కమీషను దాచి దాచి
మూడు సీజన్లకు కొన్నాడు.
"నేలకు ఆనించాల బాబ్జాన్ అన్నా,
కింద చీమ పోవాలన్నా నడుం వంచాల!"

నాకంటే ముందే ఎవడో
స్ప్రింగులు రెండు చుట్లు కోసిపెట్టినాడు.
రంపం గీతలు ఇంకా మెరుస్తా ఉండాయి.
కారు కిందికొచ్చిన మాట నిజమే.
షాకు పొడవు మాత్రం ఉన్నంతే ఉంది కదా,
సగం బయట ఉండాల్సిన రాడ్డు
నిలబెట్టినప్పుడే లోపలికి పోయి కూర్చునింది.
గుంత వస్తే ఇంకెక్కడికి పోతాది?

సంతపేట షెడ్డులో ఇరవై ఆరేళ్లు
గ్రానైటు లారీలకు కమాన్లు కట్టినవాణ్ణి.
బండ ఎక్కితే చదునై, దించితే మళ్లీ విల్లయ్యే
ఆ పట్టీలే నాకు చదువు.
ఈ సోకు బండ్ల సంగతి కొత్త.

మా చిన్నది రెహనా జడ రబ్బరు అడిగి
రాడ్డుకు తొడిగినా.
మొగిలి ఘాటు దాకా పోయొచ్చి జాకీ ఎత్తి చూస్తే
పైకంటా తోసుకుపోయి
బంపు రబ్బరు కింద నలిగి ఉంది, పాపం.
బండి నిలబడి ఉంటే మిగిలే సందు
నా చిటికెన వేలంత.

"బంపు రబ్బరు కోసేయన్నా, చోటొస్తాది."
వచ్చేది చోటు కాదురా, దెబ్బ.
"గట్టి స్ప్రింగు వేద్దామా?"
అప్పుడు గుంత నేరుగా నీ వెన్నుపూసలోకే వస్తాది.

రాత్రంతా ఆలోచిస్తే తెల్లారి తట్టింది,
మొహం కడుక్కుంటా ఉంటే.
కారును దించుకో, షాకును దించొద్దు.
అది తలానించే పీటను పైకెత్తు.

తిరుపతి ఆటోనగర్‌లో పళని ఆచారి
లేతు మీద రెండు గిన్నెలు తీసిచ్చినాడు,
టీ తాగేలోపల, బేరం మాత్రం గంటసేపు.
టవరు నెత్తిన గుండ్రంగా కోసి
గిన్నె బోర్లించి చుట్టూ వెల్డింగు పెట్టినా.
రెండు వేళ్ల ఎత్తు.
ఎడమ పక్క వంకర పోయింది. కోసినా, మళ్లీ పెట్టినా.
ఢిల్లీబాబు ఆ పూట నా మొహం చూడలేదు,
కొత్త పెయింటు మీద నిప్పురవ్వలనే చూస్తా కూర్చున్నాడు.

బానెట్ మూతపడతాదా?
ఇంట్లోంచి చపాతీ పిండి ముద్ద తెచ్చి
నట్టు మీద పెట్టి మూసినా.
తెరిస్తే అప్పడం.
నట్టు మార్చి, మరలు తగ్గించి, మళ్లీ ముద్ద.
ఈసారి పూరీ అంత మందం మిగిలింది. చాలు.

మసీదులో నేనిప్పుడు కుర్చీలో కూర్చొని నమాజు చేస్తాను.
మోకాళ్లలో మెత్తన అరిగిపోయిందని
వేలూరు డాక్టరు ఫోటో చూపించినాడు.
రెండెముకల మధ్య గీత, వెంట్రుకంత.
ఆ సందు నాకు కొత్తగా అనిపించలేదు.

సాయంత్రం మామిడి ట్రాక్టర్ల వెనకాల
బంగారుపాళెం రోడ్డు పట్టినాం.
కారు అంతే కింద, చీమకు అంతే కష్టం.
మూడో బ్రేకరు వచ్చింది.
ఢిల్లీబాబు ఊపిరి బిగబట్టినాడు, నేనూ.
ముందర దిగింది, లేచింది,
ఇంకొంచెం ఊగి ఊరుకునింది.
రోడ్డంతా గుజ్జు ఫాక్టరీ పులిసిన వాసన.
వాడు ఏమీ అనలేదు,
వెనక్కి తిప్పి ఇంకోసారి ఎక్కించినాడు.

జాకీ ఎత్తి చూస్తే
జడ రబ్బరు రెండు వేళ్ల కిందనే ఆగి ఉంది.

రెహనా దాన్ని తిరిగి ఇమ్మంటా ఉంది.
నిన్నటినుంచి కిరసనాయిల్లో నానేసినా,
గులాబీ రంగు ఇంకా బయటికి రాలేదు.