కొంచెం జరగండి

పెరంబూరులో ముసురు.
ఈ పూటకి కరెంటు పోదులే అనుకుని
పెన్‌డ్రైవ్ గుచ్చాను.

వారం నుంచీ తలా ఒక పేరు చెబుతున్నారు.
రిచీ స్ట్రీట్ నజీర్ భాయి
"ఉబుంటు పోడుంగక్కా, యోసిక్కాదీంగ" అన్నాడు
పెన్‌డ్రైవ్‌కి మూడొందల ఎనభై తీసుకుంటూ.
కుముద స్నేహితురాలు ఫెడోరా అంది.
ఆ పిల్ల ఆర్నెల్లకోసారి ఇల్లు మారుతుంది,
నేను తల మాత్రం ఊపాను.
మేడ మీది ఇళంపరిది ఆర్చ్ అనేసి
వెంటనే నాలిక్కరుచుకున్నాడు:
"మీక్కాదాంటీ. అది మినుములు విత్తడం దగ్గర మొదలెట్టే ఇడ్లీ."

నాకేం కావాలో నేను చెప్పాను.
ఎడంపక్క మూల ఒక బటన్. నొక్కితే అన్నీ అక్కడే ఉండాలి.
ప్రింటరు అడిగిన కాయితం ఇవ్వాలి.
గూడూరులో ఉన్న మా అక్కకి
తెలుగులో ఉత్తరం కొట్టుకోవాలి, ఒత్తులు ఊడిపోకుండా.
టాలీ జోలికి మాత్రం పోవద్దు, అది విండోస్‌లోనే ఉండనీ.
పదకొండు కొట్ల లెక్కలు,
వాటిని కదిపితే నా కూడు కదులుతుంది.

"అయితే మింట్" అన్నాడు.
పుదీనా!
సగం భయం అక్కడే పోయింది.

పెట్టుకోకుండానే చూసుకోవచ్చట,
కొట్లో చీర భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డట్టు.
చూశాను. వైఫై పలికింది, పాట పలికింది,
ప్రింటరు మూడోసారికి మూలిగింది.
పరీక్షకి ఉష్ట్రపక్షి అని కొట్టాను.
ఒత్తులు రెండూ
కిందే బుద్ధిగా కూర్చున్నాయి.

ఇక పంపకం.
ఆ మాటకే నా చెయ్యి ఆగింది.
వ్యాసర్‌పాడి ఇంటిని అన్నదమ్ములు పంచుకున్ననాడు
గోడ వంటింటి నడుమ లేచింది.
రోలు అటు పోయింది, పొత్రం ఇటు మిగిలింది.
అందుకే లెక్కలన్నీ రెండు కాపీలు తీశాను,
ఒకటి బీరువాలో, ఒకటి బియ్యం డబ్బాలో.

"ముందు విండోస్‌కి సగం నిద్రలో పడుకునే అలవాటు మాన్పించాలి"
అని ఏదో టిక్కు తీసేశాడు ఇళంపరిది.
తెర మీద పొడుగాటి పట్టీ, మధ్యలో గీత.
"మీరే లాగండాంటీ."

లాగితే గోడ కాదది.
ఇరవైతొమ్మిది సి బస్సులో
సీటు నిండా పరుచుకున్న పూలమ్మాయిని
కొంచెం జరగమ్మా అంటే
గొణుగుతూనే బుట్ట ఒళ్ళోకి తీసుకుంటుందే, అదీ.
నూట ఇరవై జీబీ మేర జరిగింది విండోస్.
పుదీనా వచ్చి అంచున కూర్చుంది.

ఇప్పుడు ప్రతి పొద్దునా
నల్లటి తెర మీద రెండు పేర్లు, పది సెకన్లు.
ఏమీ అనకపోతే తనే పుదీనాలోకి వెళ్ళిపోతుంది.
జీఎస్టీ తేదీలప్పుడు మాత్రం
పాలు పొంగుతున్నా పరిగెత్తి
కిందికి బాణం నొక్కుతాను.

ఒకటే తగువు మిగిలింది, గడియారం దగ్గర.
నిన్న రాత్రి తొమ్మిదికి విండోస్ తెరిస్తే
మధ్యాహ్నం మూడున్నర అంది.
పుదీనా ఒకలా రాసిపెడుతుందట, అదేమో ఇంకోలా చదువుతుందట,
తేడా ఐదున్నర గంటలు.

"రేపొచ్చి సరిచేస్తా" అన్నాడు ఇళంపరిది.
అంట్లు తోమడం అయిపోయింది,
కుముద నిద్రపోయింది,
తెర మూలన ఇంకా మూడున్నర.
తొందరేం లేదులే బాబూ, అన్నాను.