పచ్చ టోపీ

నిన్నటిదాకా నాదీ తెల్ల టోపీయే.
ఇవాళ పచ్చది పెట్టారు.
తల అదే, బరువు వేరు.

రాత్రి పదింటికి కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
బల్లల మీద ముత్తుకూరు గుంటల రొయ్య
నాలుగు టన్నులు.
ఐసు నీళ్ళై బూట్లలోకి దిగుతోంది.

ఫోన్లో మేనేజరు కేకలన్నీ
నా చెవి దగ్గరే ఆపేశాను.
వాటితో రొయ్య చల్లబడదు కదా.

పాత అలవాటుగా
చెంగమ్మ పక్కన నిలబడి
తలలు తుంచబోయాను,
పెద్దరికమంటే ఇదే అనుకుని.

ఆమె తలెత్తకుండానే
"ఏందిమే, ఇక్కడ చేతులకా కొదవ?
నువ్వు పోయి ఐసు చూడు."

పోయాను.
వెంకటాచలం ఐసు ఫ్యాక్టరీలో
వాచ్‌మన్ మస్తానయ్యను లేపి,
బతిమాలి, కసిరి, మళ్ళీ బతిమాలి,
ట్రాక్టరు నిండా గడ్డలతో తిరిగొచ్చేసరికి
రెండు దాటింది.
రెండే రెండు టార్చిలైట్ల వెలుగులో
ఒక్క బల్లా ఆగలేదు.

తెల్లారి షేర్ ఆటోలో
టోపీ ఒళ్ళో పెట్టుకుని కూచున్నా.
నానిపోయిన తన వేళ్ళ పక్కన
నా వేళ్ళు పెట్టి చూసి
చెంగమ్మ అంది:
"ఇంక నువ్వు గోళ్ళు పెంచుకోవచ్చులేమే."

ఆటో అంతా నవ్వింది.
నేనూ నవ్వాను,
కాస్త ఆలస్యంగా.