దుబాసీ

సాయంత్రం కాలేజీలో రెండేళ్ళ రష్యన్ డిప్లొమా.
దానికి దొరికిన ఉద్యోగం పేరు ఇంటర్‌ప్రెటర్.
మామ్మ మాత్రం దుబాసీ అనేది,
కంపెనీ కాలం నాటి మాట ఎక్కడ పట్టుకుందో.

మొదటిరోజు ఇనప మెట్ల కింద నిలబడి
"దోమ్న" అన్నాడు వలెంతీన్ ఒసిపోవిచ్, పైకి చూపిస్తూ.
ఫిట్టర్లంతా తలలెత్తి దోమని వెతికారు.
దోమ్న అంటే బ్లాస్ట్ ఫర్నేసని నేను చెప్పేసరికే ఆలస్యమైపోయింది.
ఆ షాపులో అది పెద్దదోమగానే మిగిలిపోయింది.

దానికి పైవాళ్ళు పెట్టిన పేరు గోదావరి.
పక్కన ఇంకా కడుతున్నది కృష్ణ.
నదుల పేర్లు పెట్టి నిప్పు నింపుతారేమిటి మీరు, అనడిగాడు.
నాకు రష్యన్‌లో జవాబు తోచలేదు.
తెలుగులోనూ.

తొంభై మార్చిలో గోదావరి వెలిగింది.
తొంభైరెండు మార్చిలో కృష్ణ.
ఆ రెంటి నడుమ
ఒక దేశం ఆరిపోయింది.

చప్పుడేం కాలేదు ఇక్కడ.
జనవరి మొదటివారం, ఉక్కునగరం పోస్టాఫీసు,
కిటికీ దగ్గర ఎండి పెచ్చులు కట్టిన జిగురు డబ్బా.
కూతురికి రాసిన ఉత్తరం. ఊరు జపరోజ్యె.
బొడ్డేటి సన్యాసినాయుడు కవరు అటూ ఇటూ తిప్పి
కళ్ళద్దాలు నుదుటిమీదకి తోసి
"ఏ దేశం రాయమంటారమ్మా?" అన్నాడు.
రేట్ల పట్టికలో పాత పేరుంది.
పొద్దున పేపర్లో ఆ పేరు లేదు.

నేను ప్రశ్నని అటు తిప్పాను.
ఆయన చాలాసేపు కవరు మీంచి చెయ్యి తియ్యలేదు.
"మొన్నటిదా, ఇవాళ్టిదా?" అని నన్నే అడిగాడు.
దాన్ని ఇటు తిప్పాను.
వెనక మనియార్డరు ముసలాయన గట్టిగా దగ్గాడు.

ఆ సాయంత్రం ఆయన్ని మా కాలనీకి తీసుకొచ్చాను.
నిర్వాసితుల కాలనీ, వీధులకి నంబర్లే.
మామ్మ గడపలో కూర్చుని
చుట్ట నిప్పు కొస నోట్లోకి తిప్పుకుని పీలుస్తోంది.
కొలుముల మనిషి, నిలబడి చూశాడు.

మామ్మ లెక్కలన్నీ బాంబులేడాది నుంచి.
హార్బరు మీదకి జపాను విమానాలొచ్చిన్నాడు
నాలుగు నెలల మా నాన్నని చంకనేసుకుని
పట్నం విడిచి పరిగెత్తి, ఆయాసమొచ్చిన ఊళ్ళో ఆగింది.
అక్కడే ఉండిపోయింది.
తాత ఉక్కు కావాలని ఊరేగింపుల్లో గొంతు పోగొట్టుకున్నాడు.
ఉక్కొచ్చింది. ఊరే పోయింది.
మా జీడితోట మీద ఇప్పుడు కోకు బట్టీలు.

"ఏటే గుంటా, దొర అలగున్నాడేటి?"
దేశం పోయిందే మామ్మా.
"పోడవేటి, ఎవులు తీసుకున్నారు?"
ఎవరూ తీసుకోలేదు. పేరు తీసేశారు.
మామ్మ నోట్లోంచి చుట్ట తీసి
నేలకి రాసి, చెవి మీద పెట్టుకుని,
"మరి ఆలకి ఆర్-కార్డులిచ్చారేటి?"

ఆర్-కార్డుకి రష్యన్‌లో మాట లేదు.
భూమికి బదులు ఇంటికో ఉద్యోగమన్న అట్టముక్క,
వంతు రాక మా చిన్నాన్న పెట్టెలో
నాఫ్తలీన్ ఉండల పక్కన పడున్న అట్టముక్క.
అదంతా చెప్పాను, విభక్తులు తప్పుతూ, చేతులు తిప్పుతూ.
మధ్యలో ఒకసారి, మళ్ళీ చెప్పు, అన్నాడు.
చెప్పాక నవ్వాడు. నవ్వు ఎక్కడో గొంతులో అడ్డం పడింది.
ఇవ్వలేదని చెప్పు. మావాళ్ళకి ఆ ఆలోచనే రాలేదని చెప్పు.
నేను నోరు తెరవక ముందే
"మన నాగే" అంది మామ్మ,
పాలు లేని టీ గ్లాసు ఆయన ముందుకి జరుపుతూ.

ఆ కవరు మూడురోజులు నా బల్లమీదుంది.
చివరికి సన్యాసినాయుడే
ఊరిపేరు కింద గట్టిగా గీత కొట్టి
"పెద్దూరే కదమ్మా, దొరికిపోద్ది" అని ముద్ర వేశాడు.
జవాబొచ్చిందో లేదో నేనడగలేదు.

మార్చిలో కృష్ణని వెలిగించిన్నాడు
సైరన్ ఆగాక, అందరూ నా వంక చూస్తుండగా
ఆయన ఒక్కమాటే అన్నాడు.
నేను తిప్పే పనే లేకపోయింది.
"దోమ్న."
ఫిట్టర్లంతా తలలెత్తి పైకి చూశారు.