మూడు మూలల ఎరుపు

లిస్టు రాసిచ్చింది కల్బాల
టైపింగు సెంటరు మలబారాయన.
సరిహద్దు దాటే బండికి ఇవన్ని ఉండాలెనట.
అవి కార్లకే, బైకుకు అక్కెర్లేదన్నడు ఇంకొకాయన.
అడిగేటోని కోపాన్ని బట్టి ఉంటదన్నడు మూడో ఆయన.
లింబాద్రి మాత్రం పానా దించకుంట
"పట్కపోరాదు, పోయేదేముంది, బరువే గద" అన్నడు.

బరువే.
కాకపోతే ఎక్కడ కట్టాల్నో కాయిదంల రాసి లేదు.
రెండు చక్రాల మీద నేను, నీళ్ళ క్యాను,
పాత ట్యూబు కోసి చేసిన పట్టీలు,
ఆ పట్టీల నడుమ
మంటలార్పే చిన్న ఎర్ర సీసా,
వెనుక సీటు మీద చంటిపిల్లగాని లెక్క.
గుంత వచ్చినప్పుడల్లా
ఒక చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకున్న.

మందుల పెట్టెల దూది, కత్తెర, గుడ్డపట్టీలు.
అయోడిన్ దొరకలె. పసుపు పొట్లం పెట్టిన.
పసుపును అరబ్బీల ఏమంటరో
రాత్రంత రూముల అందర్ని అడిగిన.
కూరల వేసేదని చెప్పు, అన్నరు.
గాయానికి కూర మసాలా ఏందని ఆయన అడిగితే?

మెరిసే కోటు కొనలేదు.
మసాఫీ రోడ్డుకు తెల్లగీతలు పోసిన ఆరేండ్లు
ఒంటి మీద ఉన్నదదే.
వీపు మీది కంపెనీ పేరును పెట్రోలు గుడ్డతోటి రుద్దితే
సగమే పోయింది.
ఆ సగం పేరుతోటే ఎక్కిన బండి,
ఎవల పనికీ కాకుంట.

ముల్కియా నా పేరు మీదనే.
అరబ్బీల 'ప' లేదట,
పోశెట్టి బోశెత్తి అయిండు.
నారింజ రంగు ఇన్సూరెన్సు కార్డు మీద
ఇంకో తీరు రాసిండ్రు.
ముగ్గురం కలిసి ఒకటే హెల్మెట్ పెట్టుకున్నం.

ఖత్మత్ మలాహా కాడ పోలీసాయన
అద్దం చూసిండు, ఇంకో అద్దం చూసిండు.
హారన్ కొట్టుమన్నడు. కొడితే
పక్క లైన్ల మేకల లారీ మొత్తం జవాబు చెప్పింది.
త్రికోణం?
డబ్బాల నుంచి తీసి, రెక్కలు విప్పి,
నేల మీద నిలబెట్టిన.
సీకిల్‌కు ఇదెందుకని నవ్విండు.
నాకూ తెల్వదన్న.

షినాస్ దాటినంక,
ఎడమకు సముద్రం నల్లబడే యాళ్ళకు,
ఒక లారీ టైరు పగిలి ఆగి ఉన్నది.
వెనుక రోడ్డు మీద
మూడు రాళ్ళు, ఒక నూనె డబ్బా, ఒక చెప్పు
వరుసగ పేర్చి ఉన్నయి.
రెండో చెప్పు కాలుతోటి జాకీ తొక్కుతున్నడు
స్వాత్ నుంచి వచ్చిన జర్వలీ.

తెల్లగీత పక్కన మనిషి ఎంత చిన్నగ కనవడుతడో
గీత పోసినోనికి ఎరుకే.
అది ఎండేదాక పక్కన కూసొని చూసినోన్ని.

త్రికోణం పట్టుకొని నూరు అడుగులు లెక్కబెట్టుకుంట
వెనక్కి నడిచి పెట్టి వచ్చిన.
ఆయన చెప్పు తెచ్చి కాలికాడ వేసిన.
నా పానాలు ఆ నట్లకు పట్టలె.
తోటి లారీ వస్తున్నది, నువ్వు పో, అన్నడు.
పోయేముందు తీసుకుందమని తిరిగి చూస్తే
వచ్చే బండ్ల లైట్లకు అదొక్కటే
ఎర్రగ లేచి నిలవడుతున్నది,
బండ్లు ఎడంగ జరిగి పోతున్నయి.
తియ్య బుద్ధి కాలె.
లోడు మీంచి ఒకటి దించి
ఆయన నా సంచిల పెట్టిండు.

సొహార్‌ల రెండు దినాలు.
ఏం చూసినవంటే చేపల బజారు, ఇంకొంచెం సముద్రం.

వాపసు వచ్చేనాడు పోలీసాయన వేరే ఆయన.
అద్దం, అద్దం, హారన్.
ఈసారి మేకలు లేవు.
త్రికోణం?
సంచి విప్పిన.
తర్బూజ.

జరిగింది మొత్తం
నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్ల పట్టదు.
దారిల ఉన్నదన్న.
పని మీద ఉన్నదన్న.
ఆయన నన్ను చూసిండు, కాయను చూసిండు,
వేలి కణుపుతోటి కొట్టి
చెవి పెట్టి విన్నడు.

ఇయ్యాల్నే కొయ్యి, అన్నడు.
రేపటికి పులుస్తది.