నూరు గ్రాముల లెక్క

నాకు అక్షరాలు రావు. గ్రాములొచ్చు.
బిడ్డకు నూరు గ్రాముల బియ్యం.
పద్నాలుగేళ్లు ఆ తక్కెడతోనే
మా కండ్రిగను తూకమేసినా.

మొదట్లో నాలుగు కేజీలు పడేది.
రొయ్యల గుంటలొచ్చినాక మూడు.
తారు రోడ్డు కాడికి పసుప్పచ్చ వ్యాను వచ్చి ఆగిన ఏడు
పై వీధి బిడ్డలు టైలు కట్టుకోని ఎక్కినారు,
రెండుంబావు.
ఆఖరికి కేజీ నూరు.
పదకొండు మంది, అందులో ఏడుగురు యానాది కాలనీ వోళ్లే.

గుడ్డు పెట్టే రోజు మాత్రం లెక్క తప్పేది.
మానికల పోలమ్మ చిన్నకూతురు, మూడేళ్లది,
అక్క పావడ పట్టుకోని వచ్చి కూర్చునేది.
పన్నెండో గుడ్డు ఏ పుస్తకంలోనూ లేదు.
అది మా ఇంటి కోడిది.

జూన్‌లో కాయితం వచ్చింది.
జిలానీ సారు రెండుసార్లు చదువుకోని
నాలుగు మడతలు పెట్టి చాక్‌పీసుల డబ్బాలో దాచినాడు.
"మూసేయడం కాదు మస్తానమ్మా, కలిపేయడం."
కలపడం నాకు తెలుసు సారూ.
కలిపినాక అడుగంటకుండా
ఒకరు కాడ నిలబడి చూసుకోవాల.

కాయితంలో పెద్దూరు కిలోమీటరు.
కాకికైతే నిజమే.
బకింగ్‌హామ్ కాలవ దాటను కాకికి వంతెన అక్కర్లా.
మా బిడ్డలు కట్ట చుట్టూ తిరిగి
ఐసు లారీలకు ఒదిగి ఒదిగి
మూడు కిలోమీటర్లు పోవాల.
వారం పోయినారు.
వానకు ఆగినారు.
వాన ఆగింది గానీ వాళ్లు మళ్లీ కదల్లా.

సారు బండి రాకపోయినాక తెలిసింది,
ఊరికి బీపీ బిళ్లలు ఆ బండి మీదే వచ్చేవని,
పింఛను కాయితాలు ఆ పెన్నుతోనే నిండేవని.
తుఫాను గాలికి మేము దూరే గది అదొక్కటే;
దాని తాళంచెవి ఇప్పుడు
ముప్పై కిలోమీటర్ల అవతల ఎవరి సొరుగులోనో.
నా జీతం ఆగిపోయిన సంగతి
చివర్లో చెప్పుకుంటా, అది చిన్నదే.

చెంబేటి అంకయ్య ఇప్పుడు గుంటకాడ కాపలా.
తొమ్మిదేళ్లు.
రాత్రి నీళ్లల్లో తిరిగే మిషను ఆగితే
గట్టిగా అరవడం వాడి ఉద్యోగం.
ఏడో ఎక్కం సగంలో బడి పోయింది వాడికి.
ఏడార్లు నలభై రెండు కాడ నిలబడి పోయినాడు.
"అవ్వా, ఏడేడ్లెంత?" అన్నాడు మొన్న.
ఏడుగురికి ఏడొందలని కళ్లు మూసుకోని చెప్తా.
ఏడేడ్లకు నా వేళ్లు చాలలేదు.
"రేపు చెప్తాలేరా" అన్నా.
అన్నానే గానీ, ఎవర్ని అడగాల ఈ ఊళ్లో?

ఓట్ల రోజు తాళం తీసినారు.
గబ్బిలాల వాసన, పగిలిన పలక ముక్కలు.
పొయ్యి రాళ్ల మీద నా మసి నాదే.
నల్లబల్ల మీద సారు చేతిరాత చెదరలేదు,
హాజరు కాడ ఒకటి, దాని పక్కన ఒకటి.
ఆ రెండు ఒకట్ల మీదే
నిలబడినోళ్ల పేర్ల కాయితం అతికించినారు.

ఆఫీసర్లకు వంట నాకే చెప్పినారు.
ఆరుగురు.
పెద్దోళ్ల తూకం తెలీక చెయ్యి తడబడింది.
అన్నం మిగిలింది, అడిగే బిడ్డ లేడు.
చెయ్యి కడుక్కుంటా ఉన్న సారును అడిగినా,
"ఏడేడ్లెంత సారూ?"
నవ్వినాడు. "నలభై తొమ్మిది. ఎందుకమ్మా?"
ఆయనకు జీపు వచ్చింది. నేను చెప్పలా.

సిరా ఆరని వేలుతో కట్టెంట పోతా ఉండా.
నలభై తొమ్మిది, నలభై తొమ్మిది,
నిండు బిందె తొణక్కుండా మోసినట్టు.
ఎదురొచ్చినోళ్లు పలకరించినా పలకలా.
గుంటకాడ లైటు కనపడతా ఉండాది.

వాడు ఏడెనిమిదులు అడిగితే మాత్రం
ఇంక ఐదేళ్లు ఆగాల.